గోరు మీద గీత

బస్సు ఆడవాళ్ళకి ఉచితం,
పదిహేను టీకి,
మిగతా నాలుగు వందలూ ములుకులకి.
లెక్క కట్టుకునే లింగిచెట్టి వీధిలో దిగాను.

పోయిన నెల రిచీ స్ట్రీట్‌లో కొన్నాను
ఎర్ర ప్లాస్టిక్ పెట్టె, పది బిట్లు, నూట ఎనభై.
మొన మిల్లీమీటరులో పదోవంతని పెట్టె మీద రాసుంది.
పెట్టె మీద ఏమైనా రాస్తారు.
ఒకదానికి అసలు మొనే లేదు,
ఒకటి బడిపిల్లాడు నమిలిన పెన్సిలు.
ఇంకొకటి రాగిని తాకకముందే,
నేను దుమ్ము ఊదితే విరిగింది.
పనికొచ్చినవి మూడు.
అంటే ఒక్కోటి పద్దెనిమిది కాదు, అరవై.
చవక అనే మాటకి
ఇంటికొచ్చాకే అర్థం తెలుస్తుంది.

జర్మనీదట, ఒక్కటే తొమ్మిది వందలని
అద్దాల షాపువాడు చూపించాడు.
చూడ్డానికి డబ్బులడగలేదు, చూసి వచ్చేశాను.

బేరింగుల కొట్టుకీ తాళ్ళ కొట్టుకీ నడుమ
తలుపంత వెడల్పున గురవయ్య శెట్టి కొట్టు.
రస్కుల డబ్బా నిండా
అంబత్తూరు ఫ్యాక్టరీలు వాడి పారేస్తే
మళ్ళీ సానపట్టిన ములుకులు.
"ఏంది గీసేది? ఇత్తడా, ఇనుమా?"
రాగి, అన్నాను. పలక మీద పొరంత రాగి.
గీతకీ గీతకీ మధ్య వెంట్రుక పట్టాలి.
"వంటకా, పూజకా?"
సంపులో నీళ్ళెంతున్నాయో చెప్పే బోర్డుకి.
ఆయన నవ్వలేదు. మద్రాసులో నీళ్ళ మాటకి ఎవరూ నవ్వరు.

ముప్పై డిగ్రీలదా, అరవైదా అని అడిగాను.
"డిగ్రీలు నాకు తెలవవు" అని
రెండు వేళ్ళు దగ్గరికి తెచ్చాడు:
"ఇంత సన్నమైతే అందం, విరిగితే ఏడుపు."
వేళ్ళు ఎడం చేశాడు:
"ఇంత లావైతే గట్టిది,
రవ్వంత లోతు దిగినా గీత కాలవైపోతది."
నేను ఇంటర్నెట్‌లో మూడు రాత్రులు చదివింది
రెండు వేళ్ళ మధ్య పట్టింది.

తర్వాత నా బొటనవేలు అడిగాడు.
ములుకు మొన గోటి మీద ఆనించి
నెట్టకుండా, ఊరికే జరిపాడు.
జారితే పక్కన పడేశాడు.
పట్టుకుంటే, "ఇది" అన్నాడు.
డబ్బాలో సగం జారినవే.
ఏరినవి నాలుగు, ఒక్కోటి ముప్పై అయిదు.

ముప్పై ఒక్క ఏళ్ళు పాత్రల కొట్టు ముందు కూర్చుని
స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కాడట.
అక్షరం తప్పితే ఆ గిన్నె ఆయనే కొనాలి.
"మా ఇంట్లో అన్నీ పరాయోళ్ళ పేర్లే.
ఎవరో 'అలివేలమ్మ'కి దీర్ఘం మరిచాను,
నలభై ఏళ్ళుగా దాంట్లోనే చారు."

మా ఇంట్లో తప్పిన బోర్డుల మీద
కాఫీ గ్లాసులు పెట్టుకుంటాం.
ఆ మాట ఆయనకి చెప్పాలనిపించి, చెప్పలేదు.

ఇంకో నాలుగు ఏరమంటే డబ్బా మూసేశాడు.
"మిగిలిన డబ్బుకి కన్నుకి పెట్టుకునే భూతద్దం కొను.
గడియారాలోళ్ళ దగ్గర దొరుకుద్ది.
చూడని మొనకి ఎంతిచ్చినా ఎక్కువే."

రాత్రి, బీరువా అడుగు అరలో
పాత బొంత కప్పిన మెషీను.
తొమ్మిది దాటితే కింది ఇంటి రంజితం అక్క
చీపురు కర్రతో కప్పు పొడుస్తుంది,
ఎనిమిదింబావుకే మొదలుపెట్టాను.
ఆయన రాసిచ్చిన చీటీనే మొన కింద దూర్చి
ఇటూ అటూ లాగుతూ దించాను.
చీటీ కదలనన్న చోట సున్నా.
అక్కడినుంచి పదోవంతు, ఒక్క పదోవంతు.

గోధుమరంగు పలక మీద రాగి
ఉల్లిపొరలా లేచింది.
బ్రష్షుతో తుడిచి, అద్దం కన్నుకి నొక్కి చూస్తే
రెండు దారుల మధ్య సన్నటి సందు,
గట్లు చెదరకుండా.
మీటరు సూదులు రెండిటి మీదా పెట్టాను.
కూత రాలేదు.
జరిపి మళ్ళీ పెట్టాను. రాలేదు.
ఈ పనిలో శుభవార్త
చప్పుడు చెయ్యదు.

తొమ్మిదిన్నరకి కింద చీపురు కర్ర టక్కుమంది.
మెషీను ఆపి అప్పటికే పావుగంటయింది.
అలవాటు కొద్దీ పొడిచినట్టుంది.

బొటనవేలి గోటి మీద నాలుగు తెల్లగీతలు.
అవి పెరిగి కొసకి చేరేలోపు
ఈ నాలుగూ మొద్దుబారతాయి.
గోరు కత్తిరించాక వెళ్ళాలి మళ్ళీ.