తరుగు

వాడపల్లి తొవ్వల, కృష్ణ గాలి తగిలే జాగల
ఒక సున్నపు బట్టి ఉండె.
దాన్ని కొత్తగ గుత్తకు పట్టిన సేటు
కాంటా ముల్లు మీద వేలు పెట్టి అడిగిండు మా నాయినను:
"మట్టపల్లీ, క్వింటాలు రాయి పోస్తే
యాభై ఆరు కిలోలే దిగింది.
తక్కిన నలభై నాలుగు ఏడవోయింది?"

ప్రశ్న మంచిదే.
అడిగింది దొంగను అడిగినట్టు.

"కాలితే రాయి తేలికైతది సేటూ,
మా తాతల కాన్నుంచి గంతే."
నాయినకు తెలిసిన జవాబు అదొక్కటే.
జబ్బార్ గుమాస్తా చెవి మీది పెన్సిల్ తీసి
'తరుగు' అని రాసిండు.
శనివారం కూలిల పదకొండు రూపాయలు తరిగినయి.

నీళ్ల గుంతల సున్నం పోసే రోజు మాకు పండుగ.
తెల్లరాయి బుసకొట్టి, పగిలి, కుతకుతలాడేది.
అమ్మ గుంత అంచుకు సత్తుగిన్నె ఆనిచ్చి
కందగడ్డలు ఉడకబెట్టేది. పుల్ల లేదు, పొయ్యి లేదు.
మొన్న రాత్రి కాల్చిన సర్కారు తుమ్మ మంటే
రాయిల తలదాచుకొని
నీళ్లు తాకంగనే బయటికి ఉరికొచ్చిందని
అప్పుడు మాకెవరు చెప్పాలె?
మూతి కాలుతుంటె తిన్నం.

దామరచర్ల బడిల, తొమ్మిదో తరగతిల
కోటేశ్వరి టీచర్ బోర్డు మీద రాసింది:
నూరు. బాణం గుర్తు. యాభై ఆరు. కూడిక. నలభై నాలుగు.
లాంగ్ బెల్లు దాకా ఆగలేకపోయిన.
బట్టికాడికి ఉరికి,
"నాయినా, అది గాలై పోయింది, నువ్వు తియ్యలే" అన్న.
రుమాలు అడ్డం పెట్టుకొని చానసేపు దగ్గిండు.
"గాలికి బరువుంటదా బిడ్డా?"
"ఉంటది."
"గందుకే కావచ్చు,
లోపలికి గుంజుకోనీకి గింత కష్టమైతాంది."

ఆ ఏడు సేటు గదికి మా సున్నమే కొట్టిండ్రు.
తడి గోడ ఆరుకుంట ఆరుకుంట
గాలిల నుంచి తన బాకీ తానే వసూలు చేసుకుంటది:
బట్టి పొగల నుంచి కొంత, లారీల నుంచి కొంత,
వాకిట్ల నిలబడి కూలి అడిగిన నాయిన ఊపిరిల నుంచి కొంత.
లోపల మిగిలిన వేడిని
చెయ్యి పెట్టినా తెల్వనంత నిమ్మళంగ వదిలేసి
మళ్ల రాయైతది.
పదకొండు రూపాయల సంగతి
టీచర్ చెప్పలే, నేను అడగలే.

సేటు ఆ గోడకే ఆనుకొని లెక్కలు చూసేటోడు.
పోయిందన్నదంతా ఆయన వీపెనకనే ఉండె.
లేచి పోయేటప్పుడు అంగీకి ఇంత అంటుకునేది,
తెల్ల అంగీ గదా,
ఎవ్వరికి కనబడకపోయేది.