నీళ్ల మాత్ర

రాత్రి రెండు కాగానే నాయన లేస్తాడు.
తలుపు గడియ తీసిన చప్పుడు.
"తూమెత్తాల మ్మే, నీళ్లొచ్చేశాయి" అంటాడు.
ఉద్యోగం దిగి ఇరవై రెండేళ్లు.
కనిగిరి రిజర్వాయరు కాలవ మీద లస్కరు మస్తానయ్య
ఇంకా డ్యూటీలోనే ఉండాడు.

చెయ్యి పట్టుకుంటా. విదిలిస్తాడు.
కాలవ లేదు నాయనా, ఇది బుచ్చిలో మన ఇల్లు అంటా.
దొంగతనంగా గట్టు తెంచినోళ్లని చూసినట్టు
నన్ను చూస్తాడు.
ఒకనాడు కొట్టాడు కూడా.
ఆ సంగతి మాల్యాద్రికి చెప్పలేదు.
తమ్ముడు నెల్లూరు నుంచి ఒకటో తారీకుకి డబ్బు పంపుతాడు,
ఫోన్లో "ఎట్టుండాడు?" అంటాడు,
"ఉండాడు" అంటా.
దాంతో ఇద్దరికీ ఆ నెల గడిచిపోతుంది.

సలోమి గారిని కుదిర్చింది కూడా వాడే.
ముసలోళ్ల బాగోగులు చూసే మేనేజరంట,
ముందు ఆసుపత్రిలో నర్సంట.
నాకు ఒళ్లు మండింది.
మా నాయనేమన్నా రైసుమిల్లా, మేనేజరుని పెట్టడానికి?

గురువారం స్కూటీ దిగింది.
కాఫీ వద్దంది.
మంచానికి ఎదురుగా ముక్కాలిపీట లాక్కుని
నన్ను కాదు, ఆయన్నే అడిగింది:
"తూమెత్తాలంటే చక్రం ఎన్ని చుట్లు తిప్పాలి తాతా?"

యాభై మూడేళ్లుగా ఈయన కూతుర్ని.
ఆ మాట నేనెప్పుడూ అడగలా.
నాయన లేచి కూచున్నాడు.
"పిల్లకాలవకి మూడు. పెద్దదానికి ఏడు.
ఎనిమిది తిప్పితే పై కయ్యలు మునుగుతాయి,
ఆరుతో ఆపితే చివరి కయ్యకి అందదు."
ఆమె పుస్తకంలో రాసుకుంది.
ఊరికే గీకడం కాదు, నేను తొంగి చూశా,
మూడు, ఏడు అని నిజంగానే రాసుకుంది.

తర్వాత మాత్రల సంచి చాప మీద కుమ్మరించింది.
నెల్లూరు గుండె డాక్టరువి, ఇక్కడి డాక్టరువి,
పక్కింటామె ఇచ్చిన గ్యాసు బిళ్లలు,
పేరు చెరిగిపోయిన సగం అట్టలు.
చిన్న తెల్ల బిళ్ల ఒకటి ఎత్తి పట్టుకుని,
"ఇదెప్పుడేస్తావక్కా?"
"రాత్రి పడుకోబోయే ముందు. అన్నీ ఒక్కసారే,
మర్చిపోకుండా."
"ఇది నీళ్ల మాత్ర. ఒంట్లో నీరు లాగేది.
రాత్రేస్తే, లేవక ఏం చేస్తాడు పాపం?"

ముందు నవ్వొచ్చింది.
నేనే తూమెత్తి
నేనే గట్టు మీద నిలబడి అరుస్తుండా ఇన్నాళ్లూ.
ఆమె అక్కణ్నుంచే డాక్టరుకి ఫోన్ చేస్తుంటే
వంటింట్లోకి పోయి
గిన్నెలు కడిగినట్టు నటించా.

అంతటితో నయమైపోయిందని చెప్పను.
మాత్ర పొద్దుటికి మారింది,
మతిమరుపు ఎక్కడికీ పోలా.
రోజూ లేచేవాడు ఇప్పుడు
వారానికి రెండు మూడు రాత్రులు లేస్తాడు.
నా పేరు అప్పుడప్పుడూ అమ్మ పేరవుతుంది.

మూడో గురువారం పోతా పోతా
హెల్మెట్ పెట్టుకోబోయి ఆగింది.
"కామాక్షక్కా, నువ్వు తెల్లారేదాకా పడుకుని ఎన్నాళ్లయింది?"
లెక్క తెలీలా నాకు.
నా ముందే మాల్యాద్రికి కలిపింది:
"డబ్బు సరిపోతుంది సార్. రాత్రులే సరిపోవడం లేదు.
శనివారం, ఆదివారం మీ వంతు."
వాడు షాపన్నాడు, స్టాకన్నాడు.
ఆమె వింటూ నిలబడింది, ఫోన్ పెట్టలా.
కాలవ కింద పుట్టినోళ్లం,
వంతు అంటే ఏందో వాడికి తెలుసు.

శనివారం రాత్రి వెనక గదిలో పడుకున్నా.
అలవాటు కొద్దీ రెండింటికి మెలకువ.
గడియ చప్పుడు.
లేవబోయి, ఆగా.
తమ్ముడి గొంతు, నిద్రమత్తులో:
"ఎన్ని చుట్లు నాయనా?"
"ఏడు."
"ఆ చివరి కయ్య ఎవరిది?"
నాయన చాలాసేపు పలకలా.
"గుర్తు లేదబ్బయ్యా.
ఎవరిదైతే ఏంది, ఎండిపోకూడదు."

నేను గోడ వైపు తిరిగి పడుకున్నా.