నెలవంకల బొంత

జాకెట్టుకి మెడ తీస్తే
అరచంద్రుడి ముక్కొకటి బల్లకింద పడుద్ది.
మిగిలిన గుడ్డేదని అడుగుతారు,
హుక్కొకటి తగ్గితే అడుగుతారు,
దీన్ని మాత్రం ఎవరూ అడగరు.
వాళ్ళు తొడుక్కునేది దీని ఖాళీనే కదా.

నరసాపురంలో రేవుకి పోయే రోడ్డు మీద
పద్దెనిమిదేళ్ళుగా నా మిషను.
పద్దెనిమిదేళ్ళ మెడలు ఒక గోనెసంచిలో.
అడుగున ఉన్నవి గోరు తీసినంత సన్నం,
పైనవి దోసబద్దలు,
వెనక మెడ తొమ్మిదంగుళాలు దిగింది మరి.
మా ఊళ్ళో సిగ్గు ఎటు జరిగిందో
ఈ సంచి చూసి ఎవరైనా లెక్క కట్టొచ్చు.

పరుపుల కొట్టు మూసేశాక హుసేనమ్మ
మధ్యాహ్నాలు నా దగ్గరే కూర్చునేది.
దూదేకిన చేతులు, ఊరికే ఉండలేవు.
సంచి బోర్లించి నవ్వింది:
"రంజానుకి ఒక్కటి కనబడితే చాలని
మెడలు నొప్పెట్టేలా ఆకాశం చూస్తాం,
నీ దగ్గర ఇన్ని నెలవంకలున్నాయేటే!
బొంత కుట్టు."

తిన్నటి కుట్టు ఎవరైనా వేస్తారు.
వరిచేల గట్లలా ముక్క పక్కన ముక్క
కుట్టుకుంటూ పోవచ్చు, మధ్యలో టీ తాగొచ్చు.
వంపు అలా కాదు.
ఉబ్బిన అంచొకటి, లోపలికి పోయిన అంచొకటి.
కుట్టుగీత మీద కొలిస్తే రెండూ సమానం,
ఒకదానిమీద ఒకటి పెడితే
రెండూ పెడమొహాలు.

మొదటి చదరం ముడతలు పడింది.
రెండోది దొన్నెలా లేచింది.
మూడోది విసిరికొట్టాను.
హుసేనమ్మ ఏరి తెచ్చి, ఒక్కో కుట్టూ విప్పి,
"లోవంపు దానికి గాట్లెట్టు.
కుట్టుగీత దాకా పోకు, దారమంత దూరంలో ఆగిపో.
ముందు నడిమిన గుండుసూది, తర్వాత చివర్లు,
మధ్యలోది అదే సర్దుకుంటాది.
లాగావో, చచ్చావే.
పంటు ఈ రేవుకి తిన్నగా వస్తాదా?
నీటికి కొంచెం ఇచ్చి, కొంచెం తీసుకుని..."
గాల్లో చెయ్యి వంచి చూపించింది.

ఆ వానాకాలమంతా పట్టింది నాకు.
తొక్కుడు మీద కాలు కాదు, చక్రం మీద చెయ్యి.
నాలుగు కుట్లు, ఆగు, పాదమెత్తు, గుడ్డ తిప్పు,
నాలుగు కుట్లు.
కరెంటు పోయినా తెలిసేది కాదు.

కొక్కేనికి ఆకుపచ్చ జాకెట్టొకటి వేలాడేది,
మినపలంక దేవకరుణది.
గుడ్డ ఇచ్చి వెళ్ళిన వారానికి వరదొచ్చింది.
వాళ్ళ అరటితోట, దొడ్డి, పొయ్యి కట్టిన అరుగు
కోతలో పోయాయన్నారు.
కోత అనే మాట రోజుకి ఇరవైసార్లు అంటాను.
ఆవేళ కత్తెర పట్టబుద్ధి కాలేదు.
రెండేళ్ళు.
జాకెట్టు కొక్కేనికి,
దాని నెలవంక బొంతలో, ఐదో వరస చివర.

మొన్న క్రిస్మస్ ముందు వచ్చింది.
"అవతల కొత్తగా తిప్ప లేచిందండి,
దానిమీద పుచ్చపాదు పెట్టాం," అంది,
నిన్నటి కూర గురించి చెప్పినట్టు.
తొడిగి చూసింది. చేతులు పట్టలేదు.
"కూలికెళ్ళిన చేతులు కదండీ!"
లోపల అరంగుళం వదిలే కుడతాను నేనెప్పుడూ.
నేను విప్పుతుంటే
దండెం మీది బొంత చూసింది,
ఆకుపచ్చ దగ్గర ఆగింది.
ఏమీ అడగలేదు.
వంపు ఈ చివర్నుంచి ఆ చివరికి
వేలితో నడిచి,
"ఇక్కడ ముడతుందండి."

ఉంది. బియ్యపు నూకంత.
మూల కునుకుతున్న హుసేనమ్మ
కళ్ళు తెరవకుండానే అంది,
"నెలవంకన్నాక ఆమాత్రం వంకుండదేటి!"

ఎంతివ్వాలండి అంటే ఏమీ వద్దన్నాను.
కాయలు దిగాక ఒకటి తెస్తానంది.
పంటు కూత వేసింది, పరిగెత్తింది.

దీపాలెట్టే వేళ బొంత ఒళ్ళోకి లాక్కుని
ఆ ముడత విప్పుదామని
కత్తెర మొన ఆనించబోయి,
ఆగాను,
దారమంత దూరంలో.