తూకం చీటీల వెనక

ఆదోనిలో పత్తి సీజన్.
జిన్నింగు మిల్లు కాటా దగ్గర నా కొలువు.
బండికీ బండికీ మధ్య
తూకం చీటీల వెనక
ఒక విలుకత్తెను పుట్టిస్తున్నాను.

మొదట ఆమె పేరు ఎల్వీరా.
ఊరు మంచుకొండ. గుర్రం తెల్లది.
తండ్రిని ఎవరో చంపారు, ఎవరో నాకూ తెలీదు.
మంచును నేను ఫ్రిజ్జులో తప్ప చూసింది లేదు.

రాత్రి జేజికి చదివి వినిపించాను.
దస్తగిరమ్మ జేజి ఒక చెవితోనే వింటుంది,
రెండోదాన్ని మిల్లు మోతకు ఎప్పుడో ఇచ్చేసింది.
అంతా విని
కథను ఏకిపారేసింది.

"ఏం తింటాదిరా ఈ యమ్మి?
కొర్రన్నమా, సద్దరొట్టెనా?
పీర్లు లేసే దినం యాడుంటాది?
గుండం ముందర కాళ్లు వణుకుతాయా లేదా?
ఆ విల్లు ఎవురిచ్చిరి? ఊరికే వచ్చెనా?"

జవాబు లేక పైకి చూశాను.
దూలానికి తాత పక్కీరప్ప విల్లు.
నాకంటే ఒక జాన పొడుగు.
నారి తెగిపోయి చాలా ఏళ్లు,
దాని జాగాలో సాలెపురుగు తన దారం బిగించుకుంది.

బాణం లేని విల్లు అది.
దాన్ని భుజానేసుకుని తాత
ఆలూరు, కోసిగి, పత్తికొండ దాకా నడిచేవాడట.
కుక్కలు మొరిగేవి, పిల్లలు వెంటబడేవాళ్లు.
చెక్క గుబ్బతో నారిని కొడితే
టయ్యిమని వీధంతా మోగేదట,
గడ్డకట్టిన పాత పరుపు దూది
పిట్టలై లేచేదట.
కూలి, రెండు శేర్ల జొన్నలు.

ఆ రాత్రే ఎల్వీరాను కొట్టేశాను.
గుర్రాన్ని విప్పేశాను, ఏ మంచుకు పోయిందో.

ఇప్పుడు ఆమె నల్లరేగడిలో పుట్టింది,
కాయ పగిలే నెలలో.
ఇంట్లో మాట తెలుగు, పేరులో దర్గా మొక్కు,
గడపకు పసుపు, పీరుకు చక్కెర చదివింపు.
రెండు వాకిళ్లలోనూ ఒకటే ప్రశ్న:
"మీరు మావాళ్లేనా?"
అందుకే ఆరుబయటే పండుకుంటుంది.
దూది ఇంటి బిడ్డకు నిప్పురవ్వంటే భయం.
అయినా ఏటా ఒక్క రాత్రి
పీరును ఎత్తుకుని నిప్పుల మీద నడుస్తుంది.

విల్లును మనుషుల మీదికి ఎత్తదు.
చినుకు రాల్చకుండా
గుట్ట మీద గడ్డకట్టి కూర్చున్న మబ్బును
గుబ్బతో ఒక్కటి వేస్తుంది.
మబ్బు ఏకులు ఏకులుగా విడిపోతుంది.
ఏకు మేకవడమంటే ఏమిటో
నీళ్లు దాచుకున్న దొరలకు
ఆ వానలో తెలుస్తుంది.

శక్తికి ఖర్చు ఉండాలి, లేకుంటే కథ నిలబడదని
ఎక్కడో చదివాను.
ఖర్చును నేను వెతకలేదు.
తాత చివరి మూడేళ్లు
గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయాడు,
పండుకుంటే ఊపిరాడక.
కాబట్టి ఆమె కొట్టిన ప్రతి దెబ్బకూ
ఒక నూగు
లోపలికి పోయి కూర్చుంటుంది.

ఇక పేరు.
ఏడో తరగతిలో, ఆటస్థలం మధ్యలో
నా మీద పడ్డ మాట ఒకటుంది.
దాన్ని పెన్సిల్‌తో రాశాను, చెరిపేసే వీలుంటుందని:
పింజారి.

జేజికి చదవలేక చదివాను.
ఆమె దిండు సర్దుకుంది.
"పింజ అంటే దూదే కదరా.
ఆ మాటతో తిట్టినోళ్లు గూడా
రాత్రయితే పండుకునేది
మీ తాత ఏకిన పరుపు మీదనే."

పొద్దున పెన్నుతో దిద్దాను.
ట్రాక్టరు వచ్చింది. పద్నాలుగు క్వింటాళ్లు, తేమ ఎక్కువ.
రైతు బతిమాలుతున్నాడు,
గుమాస్తా తల అడ్డంగా ఊపుతున్నాడు.
ఆ గుమాస్తా రెండో అధ్యాయంలో వస్తాడు.

"కడాకు సచ్చిపోతాదా?" అంది జేజి మొన్న.
తెలీదన్నాను.
చాలాసేపు పలకలేదు. నిద్రపోయిందనుకున్నా.
"సంపాకు" అంది చీకట్లోంచి,
"దగ్గు మాత్రం ఉంచు."