ముందు మాత్ర

చేపల రేవు గేటుకి ఎదురుగా మా మందుల షాపు.
రెండు గుమ్మాల అవతల ఇంకో మందు షాపు.
రెంటికీ ఒకే మాట పెట్టినవాడెవడో గానీ
తాగుబోతే అయ్యుంటాడని
గరికిన ఎల్లాజీ నవ్వేవాడు.

పదకొండేళ్లు.
వేటకి వెళ్లని ప్రతి సాయంత్రం
మొదట నా దగ్గరికే వచ్చేవాడు.
"బీ-కాంప్లెక్సు ఒకటియ్యి బాబూ,
ముందిది ఏసీసుకుంటే లివరుకేటీ అవదు."
అవుననలేదు నేను.
కాదనీ అనలేదు.
రేకులోంచి ఒక్క మాత్ర కత్తిరించి
చిల్లర లేకపోతే చాక్లెట్టు చేతిలో పెట్టేవాణ్ణి.

నీళ్లు లేకుండా మింగి
లైఫ్ జాకెట్ తొడుక్కున్నవాడిలా
ధీమాగా
రెండు గుమ్మాలు దాటి వెళ్లేవాడు.

వేట నిషేధం అరవై ఒక్క రోజులు.
బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉంటే
అరవై ఒక్క మాత్రలు.
ఈ ఏడు ముప్ఫైకే లెక్క ఆగింది.

కేజీహెచ్ మెట్లెక్కి వెళ్లాను, చేతిలో బత్తాయిలు.
కిటికీలోంచి సముద్రం కనిపించే వార్డు.
కాళ్లూ చేతులూ కర్రపుల్లలు,
పొట్ట మాత్రం తెరచాప.
బాత్రూముకి నడుస్తుంటే నేల మీద కూడా
అలల మీద ఉన్నట్టు తూలుతున్నాడు.
ముందు బీ-వన్ ఇంజక్షను,
ఆ తరవాతే గ్లూకోజు,
తారుమారైతే మెదడుకి దెబ్బ, అంది సిస్టరు.
ముందు అన్న మాట
మొదటిసారి సరైన చోట విన్నాను.

స్టాండుకి వేలాడే సెలైన్లో విటమిన్లు కలిపితే
నీళ్లు పసుపెక్కాయి.
అతని కళ్లు ముందే పసుపు.
చుక్కలు లెక్కపెడుతూ అడిగాను డాక్టరమ్మని:
మరి ఇన్నేళ్లూ మింగినవి?

తాగేవాడి పేగు సరిగా పీల్చుకోదు,
పీల్చినా కాలేయం దాచుకోలేదు,
ఆమె కేసు షీటు మీంచి తలెత్తలేదు.
ఖాళీ అయినదాన్ని నింపుతున్నాం, అంతే.
కాపలా కాదది.

అతని భార్య మసేనమ్మ
చీర చెంగులోంచి సీసా తీసింది.
సొర కార్జం నూనె, పుట్టింటి నుంచి.
కార్జానికి కార్జమే మందంట.
వద్దమ్మా, అంది డాక్టరు.
అందులో ఉన్న విటమిన్ని దాచేది ఆ కాలేయమే.
కూలుతున్న కొట్లో బస్తాలు వేస్తే
బరువుకే కూలుతుంది.

మసేనమ్మ చాలాసేపు సీసా మూత తిప్పుతూ కూర్చుంది.
"పోనీలెండి, తెప్పకి పూసెత్తాను.
కర్రకైనా ఒంటపడతాది."

ఎల్లాజీ నన్ను గుర్తుపట్టాడో లేదో.
చాక్లెట్టుందా, అని మాత్రం అడిగాడు.

నిన్న సాయంత్రం
ఇరవై దాటని కుర్రాడు, ఐసు బాక్సులు మోసేవాడు,
కౌంటరు మీద నాణెం పెట్టి
"ముందు మాత్ర" అన్నాడు.
మా పేటలో దానికి పేరు కూడా పడిపోయిందన్నమాట.

కత్తెర చేతిలోకి వచ్చేసింది, అలవాటు.
తిన్నావా, అని అడిగాను.
పొద్దున్నుంచీ లేదన్నాడు.
పక్క బండి మీంచి నాలుగు ఇడ్లీ తెప్పించాను.
స్టూలు మీద కూర్చుని తిన్నాడు,
పచ్చడి రెండోసారి అడిగి.

చెయ్యి కడుక్కుని ఎటు వెళ్లాడో
నేను చూడలేదు.
చూడకూడదనే
తుడిచిన కౌంటరు మళ్లీ తుడిచాను.
నాణెం అక్కడే ఉంది,
తడిగా,
చేప వాసనతో.