బాన కడిగేవాడు

అక్టోబరు రాకముందే బానలు కడగాలి.
కఖేతీలో, మా ఊళ్లో, అదే పద్ధతి.
మెడదాకా మట్టిలో పాతిన బాన,
మనిషి లోతు కన్నా ఇంకో మూర ఎక్కువ.
మూతి ఇరుకు.
ఒక భుజం ముందు, ఒకటి వెనక
దూర్చి దిగాలి,
పుట్టినప్పటి దారిని తిరగేసి నడిచినట్టు.

చేతిలో చెర్రీ బెరడు కుచ్చు,
ఒక బొక్కెన వేన్నీళ్లు.
లోపలున్నవాడు నోరు మూసుకోకూడదు.
పాటో తిట్టో పైకి వినిపిస్తూ ఉండాలి.
మాట ఆగిందంటే ఊపిరాడట్లేదని
పైవాళ్లు తాడు లాగేస్తారు.

అరవై రెండేళ్లు నాకు. పేరు ఎల్గుజా.
ఊళ్లో మంచివాణ్ణంటారు.
ఈ బానలో మాత్రం
నేనొక మాటంటే పది మాటలై తిరిగొస్తుంది
బొంగురుగా, నాకన్నా పెద్దవాడి గొంతుతో.

ఈ ఏడు ఆ గొంతు అడిగింది:
"ఆ ఏప్రిల్ రాత్రి సంగతి చెప్పు."

చెప్పడానికేముంది.
మూడింటికి మెలకువొచ్చింది.
కిటికీ అద్దాన్ని మంచు గోళ్లతో గీకుతోంది.
తోటలోకి పరిగెత్తి తడిగడ్డి కుప్పలంటించాను.
పొగ దుప్పటిలా నా తీగల మీద పరుచుకుంది.
కంచెకవతల షాక్రో తోట.
వాడి కిటికీ చీకటి.
పద్నాలుగు అడుగులు, అంతే దూరం.
వాడి కుక్క నన్ను చూసి తోకాడించింది కూడా.
నిద్ర చెడగొట్టడం ఎందుకులే అనుకున్నాను.

బాన నవ్వింది.

సరే.
ముందటేడు తెలావీ సంతలో
వాడి వైను ఒక గుక్క తాగి
మా ఆవిడ కళ్లు మూసుకుంది.
ముప్పై ఏళ్లలో నా వైనుకి ఎన్నడూ మూయలేదు.
అంతే. అంత చిన్నది.

తెల్లారాక వాడి చిగుళ్లు నల్లగా వేలాడుతుంటే
వాడి భుజం పట్టుకుని ఏడ్చాను.
ఆ ఏడుపూ నిజమే,
అదే నాకిప్పటికీ అంతుపట్టదు.
కోతలప్పుడు నా పళ్లు ఆరు గంపలు మోసుకెళ్లి ఇచ్చాను.
ఊరంతా మెచ్చుకుంది.
ఆ మెప్పునీ తిన్నాను, గింజ ఉమ్మకుండా.

ఇన్నేళ్లూ వాణ్ణి, ఆ కంచె దగ్గర ఆగినవాణ్ణి,
ఎవడో దారినపోయేవాడన్నట్టు చూశాను.
సున్నం కొట్టాను. కొవ్వొత్తులు వెలిగించాను.
వాడు పోలేదు.
ఎక్కడికి పోతాడు,
నా చెప్పులే వాడివీ.

బాన అడుగు మొనతేలి ఉంటుంది గుడ్డు కొసలా.
మడ్డంతా అక్కడికే దిగుతుంది,
దిగబట్టే పైన వైను తేరుతుంది.
మా నాన్న మడ్డిని పారబోసేవాడు కాదు.
తొక్కుతో కలిపి కాచి చాచా తీసేవాడు.
గొంతు కాల్చేది. చలికాలం మనిషిని నిలబెట్టేది.
ఆ మొన దగ్గర మోకాళ్ల మీద కూర్చుని
వేళ్లతో తడిమాను.
చల్లగా, జిగటగా, నాదే.

ఎంతసేపు నోరు మెదపలేదో,
తాడు బిగిసింది.
పైన గుండ్రటి వెలుతురులో షాక్రో తల.
ఏటా నా తాడు పట్టేది వాడే.
"ఎల్గుజా! ఉన్నావా?"

"ఉన్నాం."

"ఉన్నాం ఏంట్రా, ఇంకెవరున్నారు లోపల?"

"లాగు, చెబుతా.
విన్నాక వదిలేయాలనిపిస్తే
అప్పుడు వదిలేద్దువుగాని."

వాడు నవ్వుతూనే లాగుతున్నాడు.
ముందు నా తల బయటపడింది,
తర్వాత ఒక భుజం.
రెండోది ఇంకా లోపలే ఉంది.