ఇంటికి ఐదు షిల్లింగులు

మా బాంబహున్‌లో ఇళ్ళు లెక్కపెట్టడానికి
మోవా నది అవతలి నుంచి సుద్దముక్క పట్టుకొని ఒకడొచ్చాడు.
తలుపు తలుపుకీ ఒక గీత.
మా తలుపు మీది గీతను నేను ఉమ్మితో తుడిచాను.
నాకప్పుడు ఏడేళ్ళు.
వాడు నవ్వుతూ మళ్ళీ గీశాడు.

ఇల్లొక్కింటికి ఐదు షిల్లింగులు.
అమ్మ అడిగింది: షిల్లింగు ఏ చెట్టుకు కాస్తుంది?

వాండి పెద్ద మూడు రోజులు మాట్లాడలేదు.
కోలా గింజను ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చేవాడు, అంతే.
కుర్రాళ్ళు తుపాకులు తుడిచారు, మందు ఎండబెట్టారు.
నాలుగో పొద్దున అడిగాడు, ఇల్లంటే ఏమిటని.
గోడలన్నారొకరు. పొయ్యి అంది మా అత్త.
"దొర కాగితంలో కప్పు ఉన్నదే ఇల్లట.
అయితే దించండి."

ముందు తన ఇంటి మీదికే ఎక్కాడు.
ముసలి మోకాళ్ళు వణుకుతుంటే
కింద నిచ్చెన పట్టుకున్నది మా నాన్నే.
పొగకు నల్లబడ్డ రాఫియా ఆకు,
దాంతోపాటే తేళ్ళూ, ఎలుకపిల్లలూ,
అమ్మ ఎప్పుడో పోగొట్టుకున్న దువ్వెనా
నేల రాలాయి.

దొరా వానా ఒకే సాయంత్రం వచ్చారు.
గుమాస్తా పుస్తకం తెరిచాడు, సిరా కారిపోయింది.
నూటపన్నెండు గడపల ఊళ్ళో
వాడికి ఒక్క ఇల్లూ కనబడలేదు.
తగలబెడదామంటే తడిగోడలు అంటుకోవు,
దివిటీలు పోలీసుల చేతుల్లోనే చచ్చాయి.
మేం నవ్వాం.
ఒట్టు, అంత నవ్వు నేను మళ్ళీ నవ్వలేదు.

తొమ్మిది రాత్రులు ఆకాశం కింద పడుకున్నాం.
ఆరో రాత్రి మా బోకారి దగ్గు ఆగింది.
ఇంకా పాలు మరవని పిల్లాడు.
తెల్లారేదాకా అమ్మ వాణ్ణి ఒడి దించలేదు.

పదో రోజు వాండి పెద్దను తీసుకుపోయారు.
ఆయన కుర్చీని కూడా, తడిసి ఉబ్బినదాన్ని,
మా నాన్న చేతే మోయించారు.
పడవెక్కబోతూ అమ్మ ముందు ఆగాడు,
ఏదో అనబోయాడు.
అమ్మ మొహం తిప్పుకుంది.

తర్వాత కప్పులు వేసుకున్నాం.
పామ్ గింజలమ్మి శిస్తూ కట్టాం, ఏం దాచను.
కానీ సుద్దముక్కవాడు వచ్చే ముందురోజు
ఏటా అమ్మ నిచ్చెన వేసుకొని ఎక్కేది.
కప్పులోంచి ఒక్క కట్ట ఆకు ఊడదీసి
ఆ కన్నం కింద ఖాళీ కుండ పెట్టేది.
ఎవరి మీద కోపమో, ఎవరికి మొక్కో
నేనడగలేదు.

వానాకాలమంతా ఆ కుండలో
ఒక్కో చుక్క
ఆగి ఆగి
చిన్న దగ్గులా.